గుండు, బద్ద, నూక

కాశీబుగ్గ గ్రంథాలయంలో
అట్ట ఊడిపోయిన ఒక లావు నవల.
మొదటి పదకొండు పేజీలు లేవు,
పేరు లేదు, రాసిందెవరో లేదు.
పన్నెండో పేజీకే ఎవరో ఏడుస్తూ ఉన్నారు.

ముప్పావు కిలో తూగుతుంది అన్నాను.
"తూకానికి కాదమ్మా, పదిహేను రోజులకి ఇస్తాం"
అన్నాడు లైబ్రరీ తిరుమలరావు.

నా పని జీడిపిక్కలు కొట్టడం.
తొమ్మిదో తరగతి మధ్యలో బడి ఒగ్గేసి
ఇరవై రెండేళ్లుగా అదే.
తొక్కలోని జీడి వేళ్లని తినేస్తుంది,
బూడిద రాసుకుని కొడతాం.
పేజీ తిప్పిన ప్రతిచోటా నా నల్లటి బొటనవేలు పడింది.

మొదటి రాత్రి నాలుగు పేజీలు.
రెండో రాత్రి రెండున్నర.
వాక్యానికో రాయి, పంటికింద.
"ఏటే అప్పా, ఆ రాతలు నీకేటి పెడతాయి?
టీవీ సూసుకోక" అంది ఢిల్లేశ్వరి.

అప్పుడు పప్పు ఏరినట్టే ఏరడం మొదలెట్టాను.
చూడగానే తెలిసిన మాట గుండు.
ముందూ వెనకా చూసి ఊహించింది బద్ద.
చిదిగిపోయి ఏ రుచీ తెలియనిది నూక.
డబ్బాలకి అంటించే చీటీల వెనక రాసి
బియ్యం డబ్బాలో వేసేదాన్ని.

"ఉపత్యక" మూడు రోజులు నూకగానే ఉంది.
నాలుగో రోజు రైల్వే గేటు పడింది.
గూడ్సు బండి పెట్టెల సందుల్లోంచి
దూరంగా మహేంద్రగిరి, దాని కాళ్ల దగ్గర
పచ్చగా ఒదిగి కూచున్న నేల.
ఓసి, నువ్వా!
పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదానికి
ఇంకో పేరుందని ఎవరూ చెప్పలేదు.

"అన్యమనస్కం" వేలు తెగాక తెలిసింది.

"ఉపేక్ష"ని మాత్రం బయటికి తీసుకెళ్లాను.
కిలోకి కూలి పెంచమని అడిగే రోజు
అందరి ముందూ నిలబడి
"మమ్మల్ని ఉపేక్షిస్తున్నారు బాబూ" అన్నాను.
షావుకారు సెల్లులోంచి తల ఎత్తలేదు.
ఇక నిఘంటువెందుకు?
బయటికొచ్చాక ఢిల్లేశ్వరి
"ఏటన్నావే? ఇంకోపాలి అను" అంది.
సాయంత్రానికి అది పదిమంది నోళ్లలో ఉంది.
కొందరు "ఉపేచ్చ" అన్నారు.
అలాగ కూడా బాగానే ఉంది.

నాకంటే ముందెవరో చదివారు ఈ పుస్తకం.
చీమకాళ్ల రాతతో, పెన్సిలుతో
అంచుల్లో అర్థాలు పెట్టుకుంటూ పోయారు.
నేను ఆగిన చాలాచోట్ల
ఆ మనిషీ ఆగారు.

ఆరువందల నలభై ఒకటో పేజీలో
ఒక మాట కింద గీత, పక్కన ప్రశ్నార్థకం.
కంబారి.

ఏడో తరగతిలో దరఖాస్తు కాగితం మీద
తండ్రి వృత్తి అన్నచోట నేను రాసిన మాట.
మేష్టారు ఎర్రసిరాతో కొట్టేసి
"వ్యవసాయ కూలీ" అని పెట్టారు.
"అది తెలుగు కాదమ్మా" అన్నారు,
కోపంగా కూడా కాదు.
మా నాన్న రోజుకూలీ కాదు.
బుగత ఎద్దులకి ఆయన ఏడాది పొడుగునా సొంతం,
ఆ ఎద్దులు ఒక్కరోజూ ఆయన సొంతం కాదు.

ఇక్కడ అచ్చులో ఉంది.
కింద వివరణ లేదు, పక్కన క్షమాపణ లేదు.
తెల్లారకముందే కంబారి లేచాడు, అంతే.
ఎవర్నీ అడక్కుండా
వాక్యం ముందుకి నడిచిపోయింది.

చాలాసేపు పెన్సిలు పట్టుకుని కూచున్నాను.
ఏం రాసినా అంచు చాలేలా లేదు.
చివరికి "మా నాన్న" అని రాశాను.
మళ్లీ, అది అర్థం కాదు కదా అనిపించి
కింద చిన్న అక్షరాలతో
"ఏడాది జీతానికి కుదిరిన పాలేరు."

ఇంకా రెండువందల పేజీలున్నాయి.
ఆరోసారి తేదీ ముద్ర వేస్తూ తిరుమలరావు
బొటనవేలి మచ్చలు చూసి
నోరు తెరిచి, మూసుకున్నాడు.
"నిర్వేదం" ఇంకా నూకే.
దాన్ని నేనేం తొందరపెట్టడం లేదు.